బతుకుదెరువుకు మన దిక్కు వచ్చినోళ్ల వంటలు, పండుగలు: కాలనీ వార్షికోత్సవంల ఎట్ల పెడదాం?

వడ్డేపల్లి_వాసు
అందరికి నమస్తే. మా కాలనీ సంఘం వార్షికోత్సవం ఈసారి కార్తీకంల, దీపావళి అయిన వారానికి పెట్టుకున్నం. ఎప్పుడు చూసినా అదే క్యాటరింగ్, అదే బగార, అదే పన్నీర్, ఆఖరికి ఒక ఐస్‌క్రీం. తిన్నోళ్లకు గుర్తుండదు, పెట్టినోళ్లకు గుర్తుండదు.

ఈసారి వేరే ఆలోచన వచ్చింది. హన్మకొండ, కాజీపేట, వరంగల్ మూడింటిల బయటికెల్లి వచ్చి బతికేటోళ్లు మస్తుమంది ఉన్నరు. సెంట్రింగ్ పనికి ఒడిశా, బెంగాల్ పిల్లలు, మిల్లులల్ల బీహార్ హమాలీలు, మార్బుల్ వేసేటోళ్లు రాజస్థానోళ్లు, నిట్ గేటు దిక్కు మోమోల బండ్లు. వీళ్లందరి తిండి ఒక్క తాన పెట్టించి, పాటలు ఆటలు ఉంటే అవి గూడ పెట్టిద్దామని. పది పన్నెండు స్టాల్స్ అనుకుంటున్నం. ఎవరెవరున్నరు, ఏం వండుతరు, ఎవరిని అడగాలె? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

కాజీపేట_జంక్షన్
వాసూ, మంచి ఆలోచన. కాని బయటోళ్లంటే నిన్న మొన్న వచ్చినోళ్లే అనుకోకు. 1929ల కాజీపేట–బల్లార్షా లైను పూర్తయింది. అప్పటిసంది ఢిల్లీ–మద్రాసు బండ్లు మన ఊరి మీదికెల్లే నడిచినయి. బండ్లతోని మనుషులు వచ్చిన్రు. డ్రైవర్లు, గార్డులు, ఫోర్‌మెన్లు, తమిళోళ్లు, మలయాళీలు, ఆంగ్లో ఇండియన్లు. నేను పుట్టింది రైల్వే క్వార్టర్లల్లనే, నౌకరీ చేసిందీ రిటైరైందీ ఆడనే.

క్రిస్మస్ ముంగట మా లైన్ల వారం రోజులు నూనె వాసన పోకపోతుండె. పక్క క్వార్టర్ల ఆంగ్లో ఇండియన్ ఆంటీ కల్‌కల్స్ చేస్తుండె. మైదాపిండి, కొబ్బరి పాలు, గుడ్డు కలిపి ముద్ద చేసి, గోలీ అంత తీసుకొని, కొత్త దువ్వెన పండ్ల మీద బొటనవేలుతోని ఒత్తి మలిస్తే గవ్వ లెక్క గీతలు పడి చుట్టుకునేది. ఆ ఒత్తుడు పని మా పిల్లలదే. దువ్వెన కొత్తదేనా అని మా అమ్మ ప్రతిసారి అడిగేది! వేయించి చక్కెర పాకంల వేస్తే సంక్రాంతి దాక నిలువ ఉంటుండె. గులాబీ పువ్వుల అచ్చు సుత మా ఇంటికి వాళ్ల ఇంటికెల్లే వచ్చింది, మళ్లీ వాపసు పోలే.

ఇప్పుడు ఆ కుటుంబాలల్ల ఎక్కువ మంది ఆస్ట్రేలియా అటు పోయిన్రు. ఫాతిమానగర్ దిక్కు మలయాళీ టీచర్లు, నర్సుల ఇండ్లు ఉన్నయి. పుట్టు (బియ్యప్పిండి ఆవిరి మీద ఉడికించేది), కడల (నల్ల శనగల) కూర కావాలంటే వాళ్లను అడుగు. మోమోలంటవా, అవి రోజూ దొరికేటివే. దానికి వార్షికోత్సవం ఎందుకు?

మిల్లు_గుమస్తా
అన్నా, నేను సుల్తానాబాద్ దిక్కు రైస్ మిల్లుల లెక్కలు రాస్తా. బీహారోళ్ల సంగతి నాకు తెలుసు. లిట్టీ చోఖా పెట్టించు, జనం మరిచిపోరు.

ఎట్ల చేస్తరంటే, వేయించిన శనగలను ఇసురుతరు, అది సత్తు. దాంట్ల సన్నగ తరిగిన ఎల్లిగడ్డ, పచ్చిమిర్చి, అల్లం, ఓమ, నిమ్మరసం, పచ్చి ఆవనూనె, మామిడి తొక్కు మసాలా ఒక చెంచెడు. నీళ్లు చిలకరిస్తరు గని ముద్ద గానియ్యరు, పొడిపొడిగనే ఉండాలె. గోధుమపిండి ఉండల నడుమ ఇది పెట్టి మూసి పిడుకల నిప్పుల మీద కాల్చుడు. అదే నిప్పుల వంకాయ, టమాట, ఆలుగడ్డ కాల్చి తొక్క తీసి, చేత్తోని పిసికి, ఉల్లిగడ్డ, ఆవనూనె కలిపితే చోఖా. కాలిన లిట్టీని గుడ్డల వేసి దులిపితే బూడిద రాలుతది. పగులగొట్టి నెయ్యిల ముంచుతరు. మన మక్క కంకి కాల్చినప్పటి వాసన గోధుమపిండికి వస్తది.

ఇగ అసలు ముచ్చట. నువ్వు పెట్టిన తారీఖుకు వాళ్లకు తీరదు. దీపావళి అయిన వారం అంటే వానకాలం వడ్లు మిల్లుకు దిగే టైము. లారీలు రాత్రంత లైన్ల ఉంటయి. 2020ల లాక్‌డౌన్ పడంగనే ఎంత మంది సొంతూర్లకు పోయిన్రో యాదికున్నదిగా. మే 1న లింగంపల్లికెల్లి హటియాకు దేశంలనే మొదటి శ్రామిక్ రైలు పోయింది. వారం తిరగంగనే, మే 8న, బీహార్ ఖగడియా నుంచి హమాలీలను ఎక్కించుకొని ఇంకో రైలు అదే లింగంపల్లికి వచ్చింది. యాసంగి వడ్లు కుప్పలు పడి ఉండె, దింపేటోళ్లు లేరు. సీజన్‌ల వాళ్లు లేకుంటే మిల్లు నడువదు. అసుంటి సీజన్‌ల ‘ఒక సాయంత్రం వచ్చి స్టాల్ పెట్టు’ అంటే ఎట్ల వస్తరు?

సూటిగా_చెప్త
మీకు నచ్చినా నచ్చకపోయినా ఒక మాట. మన హమాలోళ్లకు పని లేదు, మన పోరగాండ్లు ఏజెంట్లకు లక్షలు కట్టి గల్ఫ్ పోతుండ్రు. ఈడ బయటోళ్లకు పని ఇచ్చి, మీదికెల్లి పండుగ చేసుడు సుతనా? 2025 ఆగస్టుల ‘మార్వాడీ గో బ్యాక్’ అని లొల్లి ఊకెనే కాలే. దుకాణం వాళ్లదే, నౌకరు వాళ్లోడే, సరుకు వాళ్ల దిక్కుదే. మీరేమో స్టాల్స్.

రాయికల్_రిటర్న్
తమ్మీ, మాది జగిత్యాల జిల్లా. దుబాయ్, షార్జా, సౌదీ అన్నీ చూసిన. గల్ఫ్ పోయినోళ్ల పేరు నువ్వు తీసినవు కాబట్టి చెప్తున్న. క్యాంపుల ఒక్క రూముల ఎనిమిది మందిమి. కిచెన్ మాత్రం అన్ని రూములకు ఒక్కటే. పొద్దంత షట్టరింగ్ చేసి వచ్చి పొయ్యి కోసం లైన్ల నిలబడుడు. మా పక్క పొయ్యి బంగ్లాదేశోళ్లది, ఆ పక్కది కేరళోళ్లది. నేను పచ్చిపులుసు పిసికితే వాళ్లు గిన్నెలు పట్టుకొని వచ్చేది. మండే ఎండల పొయ్యి మీద ఉడకబెట్టకుండ అయ్యే కూర అదొక్కటే కద. చింతపండు, ఉల్లిగడ్డ, కాల్చిన మిర్చి, ఇంత జీలకర్ర, అయిపోయె. ఖుబూస్‌ల ముంచుకొని తినేది. ఇంటికాడ ఎవడన్న రొట్టెతోని పచ్చిపులుసు తింటడా?

ఆడ సుత మనలను ‘ఎందుకొచ్చిన్రు’ అన్నోళ్లున్నరు. సెలవు రోజు మాపటికి మా రూము తలుపు కొట్టి ఇఫ్తార్ పొట్లాలు ఇచ్చినోళ్లు సుత ఉన్నరు. పని దొరకకపోవుడు మీద నీ బాధ నిజమే, దానికి కొట్లాడు, నేనూ వస్త. సంచికి ఇంత అని రేటు కట్టేది హమాలీ గాదు, మిల్లు ఓనరు.

సూటిగా_చెప్త
రేటు సంగతి ఒప్పుకుంట. మిగిలినది ఒప్పుకోను. కాని లిట్టీ ఎన్నింటికి పెడుతరో చెప్పుండ్రి.

మగ్గం_సిరిసిల్ల
😀 మా నాయిన భీవండిల పద్మానగర్‌ల సాంచెలు (మరమగ్గాలు) నడిపిండు. పద్మశాలోళ్లం సగం మంది ఆడనే ఉన్నరు, ఇంకొందరు సూరత్, షోలాపూర్. వరంగల్‌ల 1934ల పెట్టిన ఆజంజాహీ మిల్లు మూత పడ్డంక కొత్తవాడ, గిర్మాజీపేట దిక్కు వాళ్లు గూడ అదే బాట పట్టిన్రు. పద్మానగర్‌ల బతుకమ్మ పెడితే రోడ్డు పట్టదు. తంగేడు పువ్వు మాత్రం దొరుకకపోయేది, ఊరికెల్లి బస్సుల మూటలు పంపేది.

మేము వాపసు వచ్చినప్పుడు తెచ్చుకున్నది వడాపావ్. ఇప్పుడు మా దిక్కు బస్టాండ్ కాడ వడాపావ్ ల వేసే ఎర్రకారం పల్లీలు, ఎల్లిగడ్డ, ఎండుకొబ్బరితోని చేసేదే, అచ్చం షోలాపూర్ పద్ధతి. ఇగ చెప్పు వాసన్నా, ఇది బయటోళ్ల తిండా, మనదా? ఏ స్టాల్‌ల పెడుతవ్?

తండా_బిడ్డ
మాది మానుకోట (మహబూబాబాద్) జిల్లా. ఇంకా ఎవరూ అనలేదు గాని నాలుగు పోస్టులు పోయినంక ‘లంబాడీ స్టాల్ పెడదాం’ అని వస్తదని తెలుసు. అందుకే ముందే రాస్తున్న. మా పెద్దలు ఉప్పు, ధాన్యం ఎద్దుల మీద మోసుకుంట రాజస్థాన్ దిక్కు నుంచి దక్కన్‌కు వచ్చింది వందల ఏండ్ల కింద. ఇన్నేండ్లయినంక మమ్మల్ని వలసొచ్చినోళ్ల లైన్ల నిలబెడితే బాగుండదు. అట్లని మా తిండి గురించి చెప్పనని గాదు.

సళోయి అంటే మేక రక్తంతోని వండేది. మేక కోసినంక రక్తం ఉప్పు వేసి పట్టి, గడ్డకట్టినంక ముక్కలు చేసి, కార్జం, పేగులతోని కలిపి ఉడికిస్తరు. జొన్న బాటి (రొట్టె) అద్దుకొని తింటరు. కాలనీ ఫంక్షన్‌ల పెడితే సగం మంది ముక్కు మూసుకుంటరు, అందుకే అది మా ఇండ్లల్లనే ఉండనియ్యి. శ్రావణంల తీజ్ అప్పుడు పెళ్లికాని పిల్లలు బుట్టలల్ల గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు పొద్దుమాపు నీళ్లు పోసుకుంట పాడుతరు. మొలకలు జానెడు ఎత్తు వస్తయి. ఆఖరు రోజు చెరువుల కలుపుతరు. అది చూడాలంటే తండాకు రా. స్టేజీ మీద అద్దాల లంగాలు వేసుకొని మూడు నిమిషాలు ఆడి, పూలబొకే తీసుకొని పొమ్మంటే ఇంక మేము రాము. కాలేజీల నాతోని అదే చేయించిన్రు.

వడ్డేపల్లి_వాసు
అక్కా, నీ మాట అర్థమైంది. డాన్సు ప్రోగ్రాం తీసేస్తున్నం.

ఎర్రనేల
మేమూ బతకొచ్చినవాళ్లమేనండీ. మా తాతగారు గుంటూరు దిక్కు నుంచి వచ్చి సంగెం దగ్గర నల్లరేగడి కొన్నారు. ఇక్కడ గుంటూరుపల్లి అనే ఊరే ఉంది. నిజామాబాద్ వైపు 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక వెళ్లినవాళ్లు బోధన్, వర్ని చుట్టూ క్యాంపులు కట్టుకున్నారు. మా నాయనమ్మ సంక్రాంతికి అరిసెలు తప్ప ఇంకోటి ఎరగదు. మా అమ్మ సకినాలు చుట్టడం పక్కింటి పెద్దమ్మ దగ్గర నేర్చుకుంది, ఇప్పుడు ఊళ్లో పెళ్లికి ‘చుట్టు తిప్పడానికి’ ఆవిడనే పిలుస్తారు. మా ఇంట్లో రెండూ ఉంటాయి. అరిసెలు తక్కువైనా ఎవరూ అడగరు, సకినాలు తక్కువైతే మా పిల్లలు గొడవ.

ఖని_పోరడు
వాసన్నా, దీపావళి అయిన ఆరో రోజే ఛఠ్. నీ వార్షికోత్సవం సరిగ్గ దాని మీదనే పడుతున్నది, చూసుకున్నవా? గోదావరిఖనిల బొగ్గు బాయిలు, 1983ల మొదటి యూనిట్ నడిచిన ఎన్టీపీసీ, వీటి మీద బతకొచ్చిన బీహార్, యూపీ వాళ్లు ఏండ్లసంది ఉన్నరు. ఛఠ్ నాడు గోదావరి ఒడ్డుకు పోతే తెలుస్తది.

నాలుగు రోజుల పండుగ. మొదటి రోజు స్నానం చేసి సొరకాయ కూర, అన్నం. రెండో రోజు మాపటికి బెల్లం పాయసం తిని ఉపవాసం పట్టిన మనిషి, మూడో రోజు మునిగే పొద్దుకు, నాలుగో రోజు పొడిచే పొద్దుకు నీళ్లల్ల నిలబడి అర్ఘ్యం ఇచ్చేదాక నీళ్లు గూడ ముట్టదు. పంతులు ఉండడు, మంత్రం ఉండదు. వెదురు చాటల చెరుకుగడ, అరటిగెల, కొబ్బరికాయ, ఠేకువా. ఠేకువా అంటే గోధుమపిండి, బెల్లం, నెయ్యి, సోపు, కొబ్బరి గట్టిగ కలిపి, చెక్క అచ్చు మీద ఒత్తి నెయ్యిల వేయించుడు. వేరే మట్టి పొయ్యి, మామిడి కట్టెలు. ఇంట్లోళ్లు గూడ రుచి చూడొద్దు. అది స్టాల్ మీద పెట్టి అమ్మేది గాదు. కావాలంటే నాలుగో రోజు పొద్దుగాల ఒడ్డుకు పోయి చెయ్యి చాపి అడుగు. అడిగి తీసుకునుడే వాళ్లకు మర్యాద. నేను చిన్నప్పటిసంది అడుగుతున్న, ఒక్కరు లేదనలే.

ఈస్‌గాం_బౌదీ
కాగజ్‌నగర్ నుండి రాస్తున్నాను. మేము బెంగాలీలం. మా తాతలు తూర్పు పాకిస్తాన్ నుండి శరణార్థులుగా వస్తే సర్కారు ఇక్కడ భూములిచ్చి క్యాంపులు పెట్టింది, ఈస్‌గాం, నజ్రుల్‌నగర్. నేను చదివింది తెలుగు మీడియంలోనే, మా అత్తగారికి మాత్రం తెలుగులో తిట్లే వచ్చు.

పౌష సంక్రాంతికి మేము పీఠెలు అనే పిండివంటలు చేస్తాము. పాటిసాప్టా అంటే బియ్యప్పిండి, మైదా పల్చగా అట్టు వేసి, కొబ్బరి, బెల్లం పెట్టి చుట్టడం. బెంగాల్లో దానికి ఖర్జూర బెల్లం కావాలి, చలికాలంలో మాత్రమే వస్తుంది. ఆ ఖర్జూర చెట్టు ఏదో కాదు, మీ గౌడన్నలు కల్లు గీసే ఈత చెట్టే! మా తాత ఊరి గౌడ్‌ను బతిమిలాడి, కొత్త కుండ కట్టించి, తెల్లారకముందే దించుకొచ్చేవాడట. ఎండ తగిలితే పులుస్తుంది, పులిస్తే బెల్లం కాదు. వెడల్పు మూకుడులో పొద్దు ఎక్కేదాకా మరిగిస్తే రాగి రంగు పాకం. గౌడ్ మొదట నవ్వాడట, ‘కల్లు కానియ్యకుంట చెడగొడుతుండు ముసలోడు’ అని. తరువాత వాళ్ల పిల్లలు గిన్నెలు పట్టుకుని నిలబడేవాళ్లు. ఇప్పుడు ఎవరూ చేయడం లేదు, మామూలు బెల్లంతోనే కానిస్తాం.

దసరాకు రండి. మాకు దుర్గాష్టమి, మీకు అదే రోజు సద్దుల బతుకమ్మ. పొద్దున అంజలి, ఖిచుడీ ప్రసాదం మా పందిట్లో. సాయంత్రం పూల పళ్లాలతో మేము మీ వైపు. రెండు పట్టుచీరలు ఒకే రోజు కట్టే యోగం మాకే ఉంది.

బట్టీ_బడి_టీచర్
ఇంతవరకు అందరు రాసింది చదివిన. ఇటుక బట్టీల సంగతి ఎవరూ ఎత్తలే. పెద్దపల్లి దిక్కు బట్టీలకు ఒడిశా బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు వస్తయి. అక్కడ నువాఖాయి, కొత్త బియ్యం పండుగ, వినాయక చవితి తెల్లారి ఉంటది. ఆ పండుగ ఖర్చుకే మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుంటరు, దసరా దాటంగనే రైలెక్కుతరు. వానలు పడేదాక ఈడనే. మొగుడు, పెండ్లాం, ఒక పిల్లగాడు కలిసి వెయ్యి ఇటుకలకు ఇంత అని లెక్క. ఇటుక కొడితేనే అడ్వాన్సు తెగుతది కాబట్టి ఒక పూట ఆగినా నష్టం వాళ్లకే.

వాళ్ల పొద్దటి తిండి పఖాళ. రాత్రి అన్నంల నీళ్లు పోసి పెట్టి, తెల్లారి ఉప్పు, ఉల్లిగడ్డ, ఉంటే కాల్చిన ఎండుచేప. పేద్ద హోటళ్లల్ల ఇప్పుడు అదే పఖాళ మట్టి పాత్రల పెట్టి ఇరవై రకాల నంజుకునేటివాటితోని అమ్ముతున్నరట. బట్టీల దొరికేది నూకలు. నూకలు నానితే అంబలి లెక్క అయితది, అన్నం మెతుకు కానరాదు. ‘మా ఊరి బియ్యంతోని చేస్తే నీకు పెడుదు మేడం’ అని ఒక తల్లి నాతోని అన్నది. ఆ అమ్మను తీసుకొచ్చి స్టాల్ ముంగట నిలబెట్టి పఖాళ వడ్డియ్యమంటె, ఎవరి బియ్యంతోని, ఏ రోజు కూలి పోగొట్టుకొని?

చెయ్యాలనుంటే వాళ్ల కేలండర్ చూడుండ్రి. పుష్యమాసం పున్నానికి పశ్చిమ ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల పిల్లలు ఇల్లిల్లు తిరిగి ‘ఛేర్ ఛెరా’ అని పాడి వడ్లు అడుగుతరు. కొత్త పంట ఇంట్ల ఉంటది కాబట్టి ఎవరూ లేదనరు. అప్పటికి వీళ్లు బట్టీలనే ఉంటరు, తిరుగుదామంటే ఇల్లు లేదు, ఇద్దామంటే వడ్లు లేవు. బడిల పిల్లలతోని మేము గుడిసె గుడిసెకు తిప్పుతున్నం. ఆ రోజు వచ్చి గంట కూసోండి. మంచి బియ్యం రెండు బస్తాలు తెండి, వండేది వాళ్లే వండుతరు, మీరు పక్కన కూసొని తినుండ్రి. మైకు వద్దు.

కాజీపేట_జంక్షన్
టీచరమ్మా, బియ్యం నేనిస్త. రిటైరైనోళ్లం నలుగురం ఉన్నం, ఆటో మాట్లాడుకొని వస్తం.

శ్రావణి_హెచ్ఎన్‌కే
కార్తీకమాసంల కాలనీ ఫంక్షన్ అంటే మా అపార్ట్‌మెంటోళ్లు ఎగ్ గూడ వద్దంటరు. ఎండుచేప అంటే ఇగ అయిపోయినట్టే. జర చూసుకోండి.

మగ్గం_సిరిసిల్ల
అందుకే మాఘం పెట్టు వాసన్నా, మేడారం జాతర లేని ఏడైతే అందరూ ఊర్లనే ఉంటరు.

వడ్డేపల్లి_వాసు
నిన్న సంఘం మీటింగ్ అయింది. గంటన్నర లొల్లి. ఏం తేలిందంటే:

వార్షికోత్సవం కార్తీకంల నుంచి ఫిబ్రవరి ఆఖరుకు మారింది. వానకాలం వడ్లు అయిపోయి, యాసంగి కోతలు రాకముందు. మిర్చి ఏరే కూలీలు ఛత్తీస్‌గఢ్ నుంచి అప్పటికి ములుగు దిక్కు వచ్చి ఉంటరు గని వాళ్లను పిలువం, ఏరుడు ఆగితే కాయ నేల రాలుతది. పన్నెండు స్టాల్స్ గాదు, నాలుగే. లిట్టీ, పాటిసాప్టా, పుట్టు, వడాపావ్. సరుకు పైసలు ముందే ఇస్తం, ఒక్కొక్కలకు ఆ రోజు పనిల వచ్చేదానికి రెట్టింపు కూలి వేరే. వండేటోళ్లు సుత ఇంటోళ్లతోని వచ్చి కుర్చీల కూసొని తినాలె, వాళ్లకు మన వంట మేము పెడుతం. సర్వపిండి, నాటుకోడి, పచ్చిపులుసు. నాటుకోడి మీదనే అరగంట కొట్లాట, ఓట్లేస్తే గెలిచింది. పచ్చిపులుసు రాయికల్ అన్న పిసుకుతడని నేనే చెప్పిన, అన్నా కాదనకు.

పున్నం నాడు బట్టీల కాడికి పోయేది సంఘం తరఫున గాదు, వచ్చేటోళ్లు సొంతంగ రావాలె. బ్యానర్ ఉండదు. ప్రెసిడెంటు గారు బ్యానర్ లేకుంటే ఎట్లా అన్నరు, బియ్యం బస్తాల మీద సంఘం పేరన్న రాద్దామన్నరు. అది గూడ కొట్టేసినం.

రాయికల్_రిటర్న్
చింతపండు కొత్తది తెప్పించు. పాతదైతే నల్లగొస్తది.

తండా_బిడ్డ
ఫిబ్రవరి అంటే 15న మా బంజారాల గురువు సేవాలాల్ జయంతి. దానికి అడ్డం రాకుండ ఆఖరి వారమే ఉంచు. తినడానికైతే నేను వస్త.

ఈస్‌గాం_బౌదీ
నేను, మా ఆడపడుచు వస్తాము. పెద్ద పెనాలు రెండు కావాలి, నాన్‌స్టిక్ వద్దు. మా అత్తగారు కూడా వస్తానంటున్నారు, ఎవరైనా తెలుగులో తిట్టించుకోవాలనుకుంటే ముందు వరుసలో కూర్చోండి.

మిల్లు_గుమస్తా
మా మిల్లుల ముగ్గురు ఒప్పుకున్నరు. ఓనరుతోని నేను మాట్లాడిన, సెలవు ఇచ్చిండు. ఆవనూనె, సత్తు వాళ్ల ఊరికెల్లి వచ్చేటోళ్లతోని తెప్పిస్తరట, ఈడిది నచ్చదట. ఒక్కటే షరతు, గ్యాసు మీద చెయ్యం అన్నరు. పిడుకలు కావాలె. ఎవరింట్ల బర్లున్నయి?

శ్రావణి_హెచ్ఎన్‌కే
మా అత్తమ్మోళ్లది ధర్మసాగర్. రెండు గంపలు తెస్త.

మిల్లు_గుమస్తా
రెండు గంపలు వాళ్లు ముగ్గురు తినేదానికే సరిపోతయి అక్కా. కాలనీ మొత్తానికంటే ట్రాలీ మాట్లాడు.